పులియబెట్టిన పిండి – ఇంటి అహింస, అంగడి అహింస

ఆహారశుద్ధి యనగానే జైనకుటుంబములలో మొదట జ్ఞాపకమునకు వచ్చునవి మూడు: రాత్రిభోజనమును మానుట, కందమూలములను విడుచుట, నీటిని వడియగట్టి త్రాగుట. ఈ మూడింటిని గూర్చి పిల్లలు ఊయలలో నున్ననాటినుండియు వినుచునే పెరుగుదురు. నాలుగవది యొకటి కలదు. దానిని పెద్దలు పాటించుదురేగాని, ఎందులకని అడిగినచో ఒక్కమాటలో చెప్పజాలరు. అది పులిసిన పిండి. రాత్రి కలిపియుంచి మరునాడు వాడు పిండి జైనుని వంటింట ఏల ఉండరాదు? అది ఉండరాదన్నచో, పెరుగు ఏల ఉన్నది?

ఈ ప్రశ్న ఇటీవల మరల తలయెత్తుటకు కారణము రొట్టె. జొన్నరొట్టె కాదు, చపాతియు కాదు. హైదరాబాదు ప్రాంతమున డబల్ రొట్టె యనియు, తక్కినచోట్ల బ్రెడ్డనియు పిలుచు పొంగిన రొట్టె. పూర్వము ఇది బేకరీలో కొను వస్తువేగాని ఇంట చేయు వస్తువు కాదు. కొనువానికి దాని పిండి ఎట్లు సిద్ధమగునో చూడవలసిన అవసరము లేకపోయెను. 2020లో కరోనా వ్యాధివలన జనులు ఇండ్లు కదలరాని దినములలో లోకమంతటను ఇంట రొట్టె కాల్చువారు పెరిగి, పెక్కు దేశములలో ఈస్టు పొట్లములు అంగళ్లలో దొరకుటయే కష్టమయ్యెను. ఆ అలవాటు జైనుల ఇండ్లకును వచ్చినది. కొన్నప్పుడు కనబడని సంగతి, ఇంట చేయునప్పుడు గిన్నెలో కంటికెదురుగా కనబడుచున్నది.

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని మంగళవాడను తీసికొనుడు. ఈ తాలూకా పాలన కన్నడదేశముది. ఇంటిమాట చాలవరకు తెలుగు. మూడువైపుల ఆంధ్రదేశమే చుట్టియున్నది. వానలు తక్కువ, రాగి, వేరుశనగ పండు నేల. జైనమునకు ఈ ప్రాంతము క్రొత్త కాదు. ఇదే తాలూకాలోని నిడుగల్లు కొండమీద గంగేయన మారెయ పార్శ్వజినునకు ఆలయము కట్టించినట్లు 1232 నాటి శాసనము చెప్పుచున్నది. దాపుననే మడకశిర ప్రాంతపు అమరాపురమున 1278లో మల్లిసెట్టి యను గృహస్థుడు జినాలయమునకు 2,000 పోకచెట్లు దానమిచ్చెను. పెనుకొండ పార్శ్వనాథ బసది నేటికిని యాత్రాస్థలమే. అనగా ఈ సీమలో సెట్టియు ధర్మమును ఏడువందల యేండ్లకు పైబడి ఒకే ఊరిలో కాపురముండినవారు.

అట్టి పల్లెలో చిల్లర అంగడి పెట్టుకొనిన జైనకుటుంబ మొకటి ఉన్నదనుకొనుడు. బెంగుళూరున చదువుకొని వచ్చిన మనుమరాలు రాత్రి ఒక గిన్నెలో పిండి కలిపి మూతపెట్టినది. తెల్లవారి అవ్వ మూత తీసి చూచినది. పిండి రెండింతలై, పైన బుడగలు పగులుచున్నవి.

“చిటికెడే కదా అవ్వా నేను వేసింది! ఆవగింజంత!”

“వేసింది చిటికెడే తల్లీ. తెల్లారేసరికి గిన్నె నిండింది కదా. దేనితో నిండింది?”

అవ్వ అడిగిన దానికంటె మంచి ప్రశ్న ఈ విషయమున ఏ పండితుడును అడుగజాలడు. దానికి జవాబు చెప్పవలెనన్న ముందు ఆ గిన్నెలో జరుగునదేమో తెలియవలెను.

రొట్టె చేయువారు ఈ ముందురాత్రి పిండిని ఇట్లు కలుపుదురు. 200 గ్రాముల గోధుమపిండికో మైదాకో 200 గ్రాముల నీరు పోసి, ఈస్టు చిటికెడుకంటె తక్కువగా వేసి, మూతపెట్టి 12 మొదలు 16 గంటల వఱకు కదపక యుంచుదురు. ఫ్రెంచివారు దీనిని పూలిష్ అందురు. పైభాగము ఉబ్బి, బుడగలు నిండి, నడుమ కొంచెము క్రుంగుటకు మొదలిడినప్పుడు పిండి సిద్ధమైనదని గుర్తు. మరునాడు దానిలో మరి 300 గ్రాముల పిండి, తగినంత ఉప్పు, నీరు చేర్చి మర్దించి, గంటయో రెండు గంటలో పొంగనిచ్చి, 220 డిగ్రీల వేడిమిలో అరగంటకు పైగా కాల్చుదురు. ఒక్కసారిగా ఎక్కువ ఈస్టు వేసి రెండు గంటలలో రొట్టె ముగించు పద్ధతియు కలదు. కాని రాత్రియంతయు పులిసిన పిండిలో ఆమ్లములు పుట్టి రుచి వచ్చును, పిండికి సాగుడుగుణము వచ్చును, రొట్టె త్వరగా ఎండిపోదు. అందుచేతనే తెలిసినవారు దీనిని మెచ్చుకొందురు. మెచ్చుకొనుటలో తప్పేమియు లేదు. నిజముగనే అది మంచి రొట్టె.

ఇక్కడ మనుమరాలి వాదము చూడుడు. ఈ పద్ధతిలో కొని వేయు ఈస్టు చాల తక్కువ కదా, కనుక హింసయు తక్కువ కదా యని ఆమె అనుచున్నది. పద్దు వ్రాయువారికి ఈ వాదములోని లోపము వెంటనే తెలియవలెను. ఆమె అసలు మాత్రమే వ్రాసినది, వడ్డీ వ్రాయలేదు. తడి ఈస్టు ఒక గ్రాములో సుమారు వెయ్యి కోట్ల కణములుండును. అనుకూలమైన వెచ్చదనము, తిండి ఉన్నచో ఒక్కొక్క కణము గంటన్నరకో రెండుగంటలకో మొగ్గ తొడిగి రెండగును. తక్కువ వేసి ఎక్కువసేపు ఉంచుటయనగా, అవి ఎక్కువ మార్లు రెట్టింపగునట్లు వాటికి సావకాశమిచ్చుటయే. అసలు చిన్నది, గడువు పెద్దది, వడ్డీ చక్రవడ్డీ. ఉదయమున గిన్నె నిండినది దీనితోనే. ఆ కణములు పిండిలోని చక్కెరను తిని విడుచు వాయువే రొట్టెను పొంగించును. వేడిమి 60 డిగ్రీలకు చేరునప్పటికి అవి యన్నియు చచ్చును. రొట్టె నడిమిభాగము కాలునప్పటికి 95 డిగ్రీల దాక పోవును.

అవి నిజముగ జీవములేనా యను సందేహము పాశ్చాత్యదేశములలో చాలకాలము నడచెను. 1680లో హాలండు దేశస్థుడు లీవెన్‌హుక్ తాను అరగదీసిన అద్దములతో ఈస్టు గుండ్లను మొదట చూచెను. అవి జీవములని అతడు గుర్తింపలేదు. 1837 ప్రాంతమున కానియార్ లాతూర్, ష్వాన్ అను ఇరువురు వేర్వేరుగ అది బ్రతికియున్న వస్తువే యనిరి. లీబిగ్ వంటి గొప్ప రసాయనశాస్త్రజ్ఞులు ఒప్పుకొనలేదు. 1857 మొదలు పాశ్చర్ చేసిన ప్రయోగములతో వివాదము చాలవఱకు తీరెను. పులియుట కుళ్లుట కాదు, ఒక జీవి బ్రదుకు నడపుకొనుట యని తేలెను. మరల 1897లో బుక్నర్ అనునతడు ఈస్టును నూరి పిండి, కణములు లేని రసముతోనే చక్కెరను పులియజేసి చూపెను. అందులకు 1907లో అతనికి నోబెల్ బహుమానము వచ్చినది. అయిన ఆ రసమైనను కణములను నూరగా వచ్చినదే కదా!

జైనశాస్త్రములు ఈ సంగతికొఱకు సూక్ష్మదర్శినికై వేచియుండలేదు. దశవైకాలికసూత్రము నాలుగవ అధ్యయనమున త్రసజీవులు పుట్టు విధములను లెక్కించుచు అండజములు, జరాయుజములతోపాటు రసజములను కూడ చెప్పినది. రసములలో, అనగా పులిసిన ద్రవములవంటి వానిలో, పుట్టునవి రసజములు. పదవ శతాబ్దికి చెందిన అమృతచంద్రసూరి పురుషార్థసిద్ధ్యుపాయమున మద్యము ఏల వర్జ్యమో చెప్పుచు, మత్తు కలిగించుట ఒక్కటే కారణము కాదనియు, అది రసజములైన పెక్కు జీవులకు జన్మస్థానమనియు వ్రాసెను. హేమచంద్రాచార్యుడు పండ్రెండవ శతాబ్దిలో యోగశాస్త్రమున రెండుదినములు దాటిన పెరుగు, పూచిన అన్నము, కుళ్లిన అన్నము విడువవలెననెను. పూచిన అన్నమనగా బూజు పట్టినది. బూజును పువ్వుగా చూచిన ఆ కన్ను ఎంత నిశితమో! ఈస్టు కూడ ఆ బూజు, పుట్టగొడుగుల కుటుంబమునకు చెందినదే. అది ఏకేంద్రియమా, ద్వీంద్రియమా యను విషయమున నేటి జైనవిద్వాంసులలో ఏకాభిప్రాయము లేదు. ఈ విచారమునకు ఆ నిర్ణయము అత్యవసరము కాదు.

ఆచారమున పెట్టిన గడువులును ఇదే భావమునుండి పుట్టినవి. దిగంబరులు విసరిన పిండికి చలికాలమున 7 దినములు, వేసవిని 5 దినములు, వర్షాకాలమున 3 దినములు హద్దుపెట్టిరి. శ్వేతాంబరులు మిఠాయిలకు అదే క్రమమున 30, 20, 15 దినములనిరి. సంప్రదాయములు రెండు, వస్తువులు వేరు, లెక్కలు వేరు. కాని రెండింటను తేమ ఎక్కువైన వర్షాకాలమునకే అన్నిటికంటె తక్కువ గడువు. జీవోత్పత్తి ఎప్పుడు హెచ్చునో కనిపెట్టి వ్రాసిన లెక్కలివి.

అయినను, ఈ లెక్కలన్నియు ‘జీవులు పుట్టును, కావున వద్దు’ అని మాత్రమే చెప్పును. గృహస్థునకు ఇది చాలదు. చపాతి చేయునప్పుడును నిప్పు, నీరు, గాలి, పిండి – అన్నిటను జీవులకు బాధ కలుగుచునే యున్నది. వంట చేసినచో ఆరంభహింస తప్పదని శాస్త్రమే ఒప్పుకొని, గృహస్థుడు సంకల్పహింసను విడిచిన చాలుననెను. కనుక అసలు ప్రశ్న ఇది: రాత్రి కలిపియుంచిన పిండిలోని హింస ఆరంభహింసయా, సంకల్పహింసయా?

దీనికి దారిచూపునది ఈ సీమకు చేరువలో పుట్టినట్లు చెప్పబడు మహానుభావుని వాక్యమే. అనంతపురము జిల్లా కోనకొండ్లతో కుందకుందాచార్యునకు సంబంధమున్నదని సంప్రదాయము చెప్పుచున్నది. సమయసారమున బంధమును గూర్చి చెప్పునప్పుడు ఆయన ఒక ఉపమానము నిచ్చెను. ఒళ్లంతయు నూనె పూసికొని ఒకడు దుమ్ముగల నేలపై సాము చేయును. చెట్లు కొట్టును, వస్తువులు విరుగగొట్టును. వాని శరీరమునకు దుమ్ము అంటుకొనును. సాము వలననా అంటుకొనినది? కాదు, నూనె వలన. నూనె లేక అదే సాము చేసినవానికి దుమ్ము అంటదు. అట్లే కర్మ అంటుటకు హేతువు బయటి పనియొక్కటే కాదు, లోని రాగము. ప్రాణి చచ్చినను చావకున్నను, బంధము అధ్యవసాయము వలననే యని ఆయన తీర్పు.

ఈ కొలబద్దతో రెండు పిండులను కొలువవచ్చును. చపాతి చేయు ఇల్లాలు పిండిని జల్లించును, పురుగున్న ఏరివేయును, నీటిని వడియగట్టును. పిండిలో ఒక్క జీవియు లేదని ఎవరైన చెప్పినచో ఆమె సంతోషించును. ఆమె చపాతికి ఏ నష్టమును లేదు. రాత్రి పిండి కలిపినవారి సంగతి వేరు. తెల్లవారి మూత తీసినప్పుడు ఒక్క జీవియు పెరుగలేదని తెలిసినచో, అయ్యో పిండి పాడైనదే యని విచారింతురు. ఒకరు జీవులు లేకుండుటను కోరుచున్నారు, ఒకరు జీవులు కోట్లకొలది కలుగుటను కోరి, కలిగినవని సంతసించి, పిదప నిప్పులో పెట్టుచున్నారు. చపాతిలోని హింస పనికి తోడుగ వచ్చినది. ఇక్కడ అదియే పని. రొట్టె చేయువారికి ఏ ప్రాణిమీదను పగ లేదు, నిజమే. కాని నూనె పూసికొనిన సంగతిని కాదనుటకు వీలులేదు.

ఒక ఆక్షేపణ కలదు. రైతును పైరు పెరుగవలెననియే కోరును, పెరిగిన పిదప కోయును. ఆ ధాన్యమును జైనుడు తినుచున్నాడు కదా! ఇది బలమైన ఆక్షేపణయే. దీనికి సమాధానము అవసరములో ఉన్నది. ధాన్యము లేనిదే దేహము నిలువదు. పొంగిన రొట్టె లేకున్న పోవునది మెత్తదనము, రుచి. ప్రయోజనము లేని హింసను అనర్థదండమని వేరుగా పేరుపెట్టి, దానిని విడుచుటను గృహస్థుని వ్రతములలో చేర్చినది ఇందులకే. ఇంటిలో చపాతి ఉండగా నాలుక మెప్పుకొఱకు ఒక రాత్రిలో కోట్ల జీవులను పెంచి చంపుట ఏ పద్దులోనికి పోవునో చెప్పుట కష్టము కాదు. పులిసిన పిండిని ప్రతిదినము కొంచెము తీసి, క్రొత్తపిండి మేపుచు, ఏండ్ల తరబడి నిలుపువారును ఉన్నారు. ఆ ఖాతాకు ముగింపే లేదు.

ఇక పెరుగు. మనుమరాలు ఈ మాట ఎత్తక మానదు: “రాత్రి పాలలో చేమిరి వేస్తావు కదా అవ్వా, అదేమి?” చేమిరి వేయుటయు జీవులు పెరుగవలెనని కోరుటయే, తోడుకొనకున్న అవ్వయు విచారించును. ఈ ఆక్షేపణకు పూర్తి సమాధానము కలదని చెప్పువారు తొందరపడుచున్నారు. పూర్వులకు ఈ చిక్కు తెలియకపోలేదు. కనుకనే పెరుగునకు రెండుదినముల హద్దు పెట్టిరి, పచ్చిపెరుగును పప్పుధాన్యములతో కలుపరాదనిరి. కఠినముగ పాటించు దిగంబర గృహములలో నిన్నటి పెరుగును చేమిరిగా వాడక, కాచిన పాలలో వెండినాణెమో, కొబ్బరిచిప్ప ముక్కయో, ఎండుద్రాక్షయో వేసి తోడుపెట్టుదురు. నేటి శాస్త్రము చూచినచో అక్కడను సూక్ష్మజీవులే పాలను పెరుగు చేయుచున్నవి. అయినను, నిన్నటిదానిని నేటికి, నేటిదానిని రేపటికి పెంచుకొనుచు పోవుట వారికి ఇష్టము లేకపోయెనని ఆ నాణెము సాక్ష్యమిచ్చుచున్నది. పెరుగు గృహస్థునకు మిగిలియున్న పాతబాకీ. తీర్చగలవారు తీర్చుదురు, పెరుగును కూడ విడుచుదురు. పాతబాకీ యున్నదని చూపి క్రొత్త అప్పు చేయుటను ఏ వర్తకుడును తెలివి యనడు.

పగటి దోసెల సంగతియు ఇట్టిదే. కొందరు తెల్లవారుజామున నానబెట్టి, రుబ్బి, కాచిన మజ్జిగ చేర్చి, ఎండలో పులియబెట్టి పొద్దు క్రుంకకమునుపే దోసెలు పోసికొందురు. రాత్రి దాటలేదు గనుక వాసిదోషము లేదు. నియమము నిలిచినది, మంచిదే. కాని పావగడ వేసవిలో అయిదారు గంటలు చాలును పిండి పొంగుటకు. సూర్యుడు అస్తమించినది లేనిది పిండికి తెలియదు. తక్కువ దోషమును తక్కువ దోషమనియే చెప్పవలెను, నిర్దోషమనరాదు.

భావము శుద్ధముగనున్న చాలును, గిన్నెలో ఏమున్న నేమి యనువారికి అమృతచంద్రుడే జవాబు చెప్పియున్నాడు. ఆయన సమయసారమునకు గొప్ప వ్యాఖ్య వ్రాసినవాడు. భావమే ప్రధానమని అందరికంటె బాగుగ తెలిసినవాడు. ఆయనయే, నిశ్చయమును సరిగ తెలియక దానినే పట్టుకొని బయటి ఆచారమును విడిచినవాడు ఆచారమును చెరచువాడని హెచ్చరించెను.

ఇంతవఱకు చెప్పినది జైనగృహస్థుడు తనకు తాను విధించుకొను నియమము. మంగళవాడ వంటి ఊరిలో దీనిని ఇరుగుపొరుగుమీద పెట్టుట అన్యాయము. రాగిసంగటి మిగిలినది నీటిలో వేసియుంచి మరునాడు మజ్జిగ, ఉల్లిపాయతో సద్ది త్రాగి పొలమునకు పోవువారు ఆ దేశమున వేలమంది. అంబలి పిండిని రాత్రియే కలిపి పులియనిచ్చువారును కలరు. తెల్లవారకముందే కూలికి పోవలెను, కట్టెలు చాలవు, పొయ్యి రెండుమార్లు వెలిగించుటకు తీరదు. ఎండలో చల్లదనమునిచ్చు ఆ కుండ వారికి రుచికొఱకు పెట్టుకొనినది కాదు. అవసరమను కొలబద్దను తన రొట్టెకు పెట్టినవాడు వారి కుండకును దానినే పెట్టవలెను. సద్దికుండను చూచి ముఖము చిట్లించుట కషాయమే; దాని దోషము పులిసిన పిండి దోషముకంటె తక్కువని చెప్పుటకు లేదు.

పొంగిన రొట్టె తినవలెనన్న పిల్లల కోరికకు వేరు దారులు లేకపోలేదు. పుల్కా నీటియావిరితోనే పొంగును. గుజరాతీలు చేయు ఖాఖ్రా తేమలేక కాల్చినది గనుక దినములకొలది నిలుచును. మెత్తని రొట్టెయే కావలెనన్న వంటసోడా కలదు. అరకిలో గోధుమపిండికి చెంచాడు సోడా, చెంచాడు ఉప్పు కలిపి, నిమ్మరసము పిండిన నీటితో ముద్దచేసి వెంటనే కాల్చినచో, సోడాయు పులుపును కలిసి విడుచు వాయువే రొట్టెను లేపును. ఐర్లండు దేశపు పల్లెలలో పందొమ్మిదవ శతాబ్దినుండి ఇట్టి రొట్టె పుల్లమజ్జిగతో చేయుచున్నారు. రాత్రి పులిసిన దాని రుచి దీనికి రాదు, ఒకనాటికే గట్టిపడును. వాయువు ఊరక పోవును గనుక కలిపిన పిండిని నిలువయుంచుటకు వీలుకాదు. త్వరపడుటలో యూదులు వీరందరిని మించినవారు: తమ పస్కా పండుగ దినములలో పిండికి నీరు తగిలిన క్షణమునుండి 18 నిమిషములలో కాల్చనిది పులిసినదిగా లెక్కించి విడిచివేయుదురు. వారి కారణము వేరు, ఈజిప్టునుండి హుటాహుటిగ వెడలిన పూర్వుల జ్ఞాపకము. అయినను, పిండి ఎప్పుడు మారుటకు మొదలిడునో గడియారము పెట్టి కనిపెట్టిన జాతి మరియొకటి ఉన్నదని తెలియుట జైనులకు సంతోషమే.

వంటింటి విచారము ఇంతటితో సరి. కాని ఆ ఇంటికి ముందుభాగమున అంగడి ఉన్నది. కష్టమంతయు అక్కడనే.

అవ్వ మూత తీసి చూచినప్పుడు ఇంట రేగిన గొడవను ఊహించుకొనుడు. తండ్రి లోనికి వచ్చి, జైనుల ఇంట ఇదేమి పనియని కూతురిని గద్దించును. ఆ పిల్ల ఈస్టు పొట్లము ఎక్కడనుండి తీసినది? నాన్న అంగడి అలమారునుండియే. ఊరిలో ఇద్దరు ముగ్గురు బన్నులు, బ్రెడ్డు కాల్చి అమ్ముదురు. వారికి మైదా బస్తాలు, ఈస్టు పెట్టెలు సరఫరా చేయునది ఆ అంగడియే. కర్ణాటకమున బేకరీ లేని ఊరు అరుదు. బెంగుళూరు చిక్కపేటలో 1898లో మొదలైన అయ్యంగారి బేకరీ వరుస హాసన జిల్లావారి చేతిమీదుగ మూలమూలలకు ప్రాకినది. ఆ వ్యాపారముతోపాటు దాని ముడిసరకుల వ్యాపారమును పెరిగినది. ఇంటికి అభక్ష్యము, అంగడికి సరకు.

శాస్త్రము చేయుట, చేయించుట, చేసినదానికి సంతసించుట యని మూడింటిని ఒకే వరుసలో పెట్టెను. గృహస్థుడు మూడింటిని పూర్తిగ విడువలేడు. వర్తకుడు కొనువాని ప్రతి పనికిని పూచీపడవలెనన్న ఉప్పు కూడ అమ్మజాలడు. కత్తి అమ్మినవాడు హంతకుడు కాడు. కత్తితో పండును కోయవచ్చును గనుక. ఈస్టు పొట్లమునకు ఆ సౌకర్యము లేదు. అది పెరిగి చచ్చుటకు తప్ప వేరొకందులకు పనికిరాదు. మైదాతో చపాతియు చేయవచ్చును; ఈస్టుతో పులియబెట్టుట యొకటే చేయవచ్చును. కనుక మైదా బస్తాను, ఈస్టు పెట్టెను ఒకే తరగతిలో చేర్చి, ‘వర్తకమన్నాక అన్నియు అమ్మవలెను’ అనుట సరిగాదు. పూర్వాచార్యులు గృహస్థుడు విడువవలసిన పదునైదు వృత్తులను కర్మాదానములని లెక్కించిరి; వానిలో మద్యాదుల వ్యాపారమైన రసవాణిజ్యము కలదు. ఈస్టును ఆ పేరుక్రింద చేర్చవలెనని చెప్పుట అతి యగును. చేర్చుటకు ఎంతదూరమున ఉన్నదని అడుగుట అతి కాదు.

అమృతచంద్రుడు హింసాఫలమును గూర్చి చిత్రమైన మాటలు కొన్ని చెప్పెను. ఒకడు హింస చేసినను ఫలమును పలువురు అనుభవింతురట. పలువురు చేసినను ఫలము ఒకనికే చెందునట. ఈ వాక్యములను ప్రవచనములలో వినునప్పుడు వేటగాండ్రు, సైనికులు జ్ఞాపకమునకు వత్తురు. అంగడి లాభముతో కొన్న గోధుమలు, ఆ గోధుమలతో శుద్ధముగ చేసిన చపాతి, దానిని తిను ఇంటిల్లిపాది – వీరు జ్ఞాపకమునకు రారు.

ఇంకొక సంగతి. నీరు వడియగట్టునది స్త్రీ, పిండి జల్లించునది స్త్రీ, పొద్దు క్రుంకకముందు పదిమందికి వండి ముగించునది స్త్రీ. గడువుదాటిన పిండి దొరికినచో మాటపడునదియు ఆమెయే. పురుషుని అహింస చాలవఱకు ఆమె చేతులమీద నడచుచున్నది. అంగడిలోని నియమములను మాత్రము లాభనష్టములను చూచి సడలించుకొనుట వాడుక. చిటికెడు ఈస్టునకు వంటింట అంత కాఠిన్యము చూపు కుటుంబము, పెట్టెడు ఈస్టునకు అంగడిలో కనీసము ఒక విచారమైన చేయవలదా? రెండుచోట్ల రెండు తూనికరాళ్లు ఉంచుకొనిన వర్తకుని ఊరివారు ఏమందురో ఆ తండ్రికి బాగుగ తెలియును.

ఈ విషయమున ముగ్గురు ముగ్గురకముగ నడచుకొనవచ్చును. తానును తినక, అమ్మకయు ఉండువాడు ఉత్తముడు. తినుచు అమ్మువాడు నియమము పట్టనివాడు, కాని వాని రెండు చేతులకును ఒకే లెక్క. తినక అమ్మువాడు తన వ్రతమును తక్కువదనరాదు; సగము వ్రతమును వ్రతమే. అయితే అది సగమని అతనికి తెలిసియుండవలెను, కూతురిని గద్దించునప్పుడు ఆ తెలివి గొంతులో వినబడవలెను.

ఈస్టు పెట్టె తెప్పించుట మానినంత మాత్రమున ఊరిలో బన్నులు ఆగవు. బేకరీవాడు పావగడ పోయి తెచ్చుకొనును, మైదా కూడ అక్కడనే కొనును, నెలనెల వచ్చుచుండిన ఖాతా ఒకటి చేయిజారును. పల్లె అంగడికి అది చిన్న నష్టము కాదు. మనుమరాలి గిన్నె సంగతి ఒక్కమాటతో తేలిపోవును. ఈ నష్టము తండ్రి యొక్కడు తలచి తేల్చుకొనునది కాదు. అవ్వ, కోడలు, మనుమరాలు కూడ కూర్చుండి మాటలాడుకొనవలసినది. వంటింటి నియమములను ఇంతకాలము మోసినవారికి అంగడి నియమములలోను మాట ఉండవలెను కదా.